పెద్ద నరసన్న, చిన్న నరసన్న

అయ్యన్న బండల ఫ్యాక్టరీలో కరెంటు పోతే ఎవరూ తల ఎత్తరు. పాలిష్ మిషన్లు ఆగుతాయి, ఆడవాళ్లు చేతులు కడుక్కుని నీడకు పోతారు, ఎవరి సద్ది వాళ్లు విప్పుకుంటారు. కరెంటు వచ్చినప్పుడు మాత్రం అందరి తలలూ ఒకేసారి గేటు పక్కనున్న కాటా గది వైపు తిరుగుతాయి. ఈసారి కాటా లేస్తుందా లేదా అన్నది బేతంచెర్ల రోడ్డు మీద రెండేళ్లుగా నడుస్తున్న వినోదం. చూసేవాళ్లకు వినోదం. ఆ గదిలో కూర్చున్న శివజ్యోతికి కాదు.

కాటా అంటే లారీని బండలతో సహా ఎక్కించి తూచేది. గదిలో టేబుల్ కింద ఒక సర్వరు ఉంది. దాని వెనుక రెండు కార్డులు, ఒక్కో కార్డుకు ఒక తీగ. ఒక తీగ కాటా నుంచి బరువు తెస్తుంది. రెండోది ఆ బరువును గనుల శాఖ కంప్యూటరుకు మోసుకుపోతుంది. అక్కడినుంచి పర్మిట్ వస్తే లారీ కదులుతుంది, రాకపోతే కదలదు. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతికి ఇన్ని తిప్పలేమిటని మీరు అడగొచ్చు. శివజ్యోతి కూడా చేరిన మొదటి వారం అదే అడిగింది.

తిప్పలన్నీ పేర్లలో ఉన్నాయి. ఆ సర్వరు తన రెండు కార్డులను ఈత్ సున్నా, ఈత్ ఒకటి అని పిలుచుకుంటుంది. కాటా సంగతి సున్నాను అడగాలి, బయటి సంగతి ఒకటిని అడగాలి అని సెట్టింగుల్లో రాసి ఉంది. బాగానే ఉంది. కానీ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ మహాతల్లి ఏ కార్డు ముందు లేస్తే దానికి సున్నా, ఏది వెనక లేస్తే దానికి ఒకటి అని పేర్లు పంచుతుంది. నిన్నటి సున్నా ఈరోజు ఒకటి అవుతుంది. అప్పుడు లారీ బరువెంత అని బయటి తీగను అడుగుతుంది, పర్మిట్ ఏదని కాటాను అడుగుతుంది. రెండూ నోరు మెదపవు. ముప్పై టన్నుల బండలు కాటా మీద నిలబడి ఉంటాయి, తెర మీద సున్నా అని పడుతుంది.

ఆమెకు ముందు ఆ కుర్చీలో ఉన్న శివశంకర్ దీనికొక వైద్యం కనిపెట్టాడు. కడప పోయేటప్పుడు దాన్ని నోటుబుక్కులో రాసిపెట్టి మరీ పోయాడు. "బరువు రాకపోతే ఆపి వేయుము. అప్పటికీ రాకపోతే మళ్లీ ఆపి వేయుము." అంటే సర్వరు స్విచ్చి ఆపి, మళ్లీ వేయడం. దానికి నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ కట్టింది కూడా ఆయనే. ఆ వైద్యం ఐదుసార్లలో మూడుసార్లు పనిచేసేది. ఏది పనిచేసిందో, ఆపి వేయడమో నిమ్మకాయలో, ఎవరూ తేల్చలేదు.

శివజ్యోతి అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలి. వాళ్లమ్మ గిడ్డమ్మ ఆ ఫ్యాక్టరీలోనే మూడో పాలిష్ మిషను దగ్గర పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. మోచేతుల దాకా సున్నపు బురద, కాళ్లకు చీలిన రబ్బరు బూట్లు. పంతొమ్మిదేళ్లలో యజమాని అయ్యన్నను ఆమె ఏమీ అడగలేదు. కూతురు డిప్లొమా చదివి రెండేళ్లు ఊరికే కూర్చున్నాక, ఒకే ఒకసారి గేటు దగ్గర నిలబడి అడిగింది. "మా పాపకు కంప్యూటరు చదువు వచ్చు సార్. కాటా రూములో పెట్టుకోండి. తేడా వస్తే నన్ను గూడా పంపించేయండి." ఆ రెండో మాట అనమని ఆమెను ఎవరూ అడగలేదు. నోరు జారింది, అంతే. అయ్యన్న దాన్ని మాత్రం జాగ్రత్తగా గుర్తు పెట్టుకున్నాడు.

ఆ శనివారం కరెంటు పోయి వచ్చింది. కాటా లేవలేదు. శివజ్యోతి ఆపి వేసింది, మళ్లీ ఆపి వేసింది. నాలుగోసారికి రాయచోటి నుంచి వచ్చిన డ్రైవరు కిటికీలో తల పెట్టాడు.

"ఏమ్మా, నేను బండలు ఎత్తుకున్యానా, గాలి ఎత్తుకున్యానా? గంట నుంచి సున్నా అంటాండాది నీ మిషను!"

వెనక పదకొండు లారీలు హారన్లు కొడుతున్నాయి. అయ్యన్న తెల్ల చొక్కాలో తాపీగా నడిచివచ్చాడు. ఆయన అరవడు. అరిచేవాళ్లతో వేగడం సులువు.

"సోమవారం నుంచి రైల్వే స్టేషనుకు బండల లోడు మొదలైతాదమ్మా. దినానికి నలభై బండ్లు. నీ కాటా సరిగ్గా లేవక ఒక్క బండి నిలబడినా, ఇంగ అన్నీ ఊర్లో బయటి కాటాకు పంపించుకుంటా. ఈ రూములో సిమెంటు మూటలు వేసుకుంటా. మీ అమ్మ చెప్పిన మాట నీకు గ్యాపకం ఉండాది కదా?"

గుర్తుంది. గుర్తుండటం వల్లే ఆమె ఆ పూట సద్ది విప్పలేదు. తన ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. యాభై దాటిన అమ్మను, సున్నంలో వేళ్లు వంకర్లు పోయిన మనిషిని, మళ్లీ ఎవరు పెట్టుకుంటారు?

ఎలాగో కాటా లేచి లారీలు కదిలాక, మధ్యాహ్నమంతా సర్వరు లేచేటప్పుడు రాసుకునే చిట్టాను ఆమె లైను లైనుగా చదివింది. ఎవరు ముందు లేచారో, ఎవరికి ఏ పేరు పడిందో అన్నీ అందులో ఉన్నాయి. కింద ఇంకోచోట, కొత్త పద్ధతి పేర్లు వద్దని ఎవరో చేత్తో రాసిన ఒక లైను కనబడింది. వెంటనే కడపకు ఫోను చేసింది.

"శివశంకరన్నా, ఈ సర్వరులో కొత్త పేర్లు రాకుండా నువ్వేమన్నా ఆపినావా?"

"ఆపినా," అన్నాడు శివశంకర్ సంతోషంగా. "అవేం పేర్లమ్మా? ఈఎన్‌పీ మూడు ఎస్ సున్నా అంట. లారీ ఇంజను నంబరు మాదిరి ఉండాది. నోరు తిరగదు. ఈత్ సున్నా అంటే సక్కగా లేదా?"

"ఆ పేర్లు కార్డు యాడ కూర్చుండాదో చూసి పెట్టేటివన్నా. అవి మారవు. నువ్వు ఆపినందుకే ఇవి మారతాండాయి."

రెండేళ్లపాటు ఒక మనిషి తన చేత్తో రాసిన లైనుకు తనే నిమ్మకాయలు కడుతూ వచ్చాడంటే, ఆ సంగతి అరగడానికి కొంచెం టైము పడుతుంది.

"సరేమ్మా," అన్నాడు చివరికి. "ఆ నిమ్మకాయలు మాత్రం తీసేయొద్దు."

ఆ లైను తీసేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆమె ఫోనులో పేర్లు, పేర్లు అంటుంటే అయ్యన్న చెవిన పడింది. గదిలోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పేర్లంటే ఆయనకు మా చెడ్డ పట్టింపు. ఆయన ఇంట్లో మగవాళ్లందరూ నరసన్నలే. ముగ్గురు కొడుకులు పెద్ద నరసన్న, నడిపి నరసన్న, చిన్న నరసన్న. తమ్ముడి పిల్లలు కూడా అంతే. పండగనాడు వాకిట్లో నిలబడి నరసన్నా అంటే ఏడుగురు పలుకుతారు. అయ్యన్న ఒక్కడే అయ్యన్న ఎలా అయ్యాడో ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేరు.

"పేర్లు సక్కగా లేకనే ఈ అవస్థ అన్నమాట," అన్నాడు. "అయితే పెద్ద నరసన్న, చిన్న నరసన్న అని పెట్టు."

"పెట్టొచ్చు సార్. కార్డు ఏ స్లాటులో కూర్చుంటే ఆ స్లాటును బట్టి పేరు వచ్చేటట్ల రాస్తే..."

"కూర్చున్న పీటకు పేరు పెడతారామ్మా ఎవరన్నా? పేరు మనిషికి పెడతారు."

వాదించే ధైర్యం ఆమెకు ఆరోజు లేదు. ప్రతి కార్డుకూ పుట్టుకతో ఒక నంబరు ఉంటుంది, రెండు కార్డులకు ఒకే నంబరు ఉండదు. ఈ నంబరు కార్డు పెద్ద నరసన్న, ఆ నంబరు కార్డు చిన్న నరసన్న అని రాసింది. బయటికి పోయే తీగ పెద్ద నరసన్నకు, కాటా తీగ చిన్న నరసన్నకు. ముందర శ్రీ అని చేర్చమన్నాడు అయ్యన్న. పదిహేను ఇంగ్లీషు అక్షరాలు దాటితే సర్వరు ఒప్పుకోదు సార్ అంది ఆమె. లెక్కపెడితే చిన్న నరసన్నకు సరిగ్గా పదిహేను వచ్చాయి. దేవుడు లెక్క చూసే పెట్టినాడని అయ్యన్న తృప్తిపడి, గదిలోనే టెంకాయ కొట్టాడు. నీళ్లు సర్వరు మీద పడకుండా శివజ్యోతి చున్నీ అడ్డం పట్టింది.

చెప్పొద్దూ, పనిచేసింది. సోమవారం రెండుసార్లు కరెంటు పోయింది, మంగళవారం మూడుసార్లు. ప్రతిసారీ పెద్ద నరసన్న పెద్ద నరసన్నగానే లేచాడు, చిన్నోడు చిన్నోడుగానే లేచాడు. ఎవరు ముందు కళ్లు తెరిచినా పేరు మారలేదు. లారీలు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. గేటు దగ్గర వినోదం పోయిందని డ్రైవర్లు కాస్త దిగులుపడ్డారు కూడా.

బుధవారం పది గంటలకు కాటా తీగలో ఫట్‌మని చప్పుడైంది. చిన్న నరసన్న కాలిపోయాడు. గదంతా వాసన.

కాలడం ఆమె తప్పు కాదని అయ్యన్న కూడా ఒప్పుకున్నాడు. ఆఫీసు కంప్యూటరులోంచి ఒక కార్డు పీకించి తెప్పించాడు. "పోయినోని పేరు వీనికి పెట్టు. మా ఇండ్లల్లో అంతే కదా చేస్తాము," అన్నాడు. శివజ్యోతి దాన్ని అదే స్లాటులో పెట్టి ఆన్ చేసింది. సర్వరు ఆ కార్డును ఎరగనన్నట్టు కూర్చుంది. దాని నంబరు వేరు కదా, చిన్న నరసన్న అని ఎందుకు పిలుస్తుంది? పాత నంబరు కొట్టేసి కొత్త నంబరు రాసేసరికి అరగంట పట్టింది. పన్నెండింటికి మళ్లీ ఫట్‌మంది. రెండో చిన్న నరసన్న కూడా పోయాడు.

ఈసారి ఆమె గదిలో కూర్చోలేదు. తీగ వెంట నడిచింది. మేస్త్రి మారెన్న ఆ తీగను కోత మిషను మోటారు వైరుతో కలిపి ఒకే ఇనుప స్తంభానికి బిగించి కట్టి ఉంచాడు.

"దీన్ని వేరేగా కట్టల్ల మారెన్నన్నా. మోటారు కరెంటు దీంట్లోకి దుంకుతాండాది."

"రెండేండ్ల నుంచి అట్లనే ఉండాది. అప్పుడు కాలలేదు కదా?" అన్నాడు మారెన్న. ఎగగట్టిన పంచె కిందికి దించుకున్నాడు, అంటే తప్పు ఒప్పుకున్నట్టు. తీగ విడదీయించి, కొత్త కార్డు కోసం మోటారు సైకిలెక్కి డోన్‌కు పోయాడు.

అయ్యన్న గడియారం చూశాడు. "మూడు గంటల దాకా చూస్తానమ్మా. ఆ మీదట బయటి కాటానే." గేటు లోపల పదిహేడు లారీలున్నాయి.

ఆమె దగ్గర రెండున్నర గంటలున్నాయి, కార్డు లేదు. చేసేదేమీ లేక కిటికీలోంచి పాలిష్ షెడ్డు వైపు చూస్తూ కూర్చుంది. మూడో మిషను దగ్గర అమ్మ వంగి బండ తిప్పుతోంది. కార్డు వస్తుంది, నంబరు రాస్తాను, మళ్లీ ఎప్పుడో కాలుతుంది, మళ్లీ అరగంట. ఆ అరగంటలో తను గదిలో లేకపోతే ఎవరు రాస్తారు? శివశంకర్ నోటుబుక్కు చూసి ఆపి వేస్తారు. అమ్మను ఆరోజే పంపించేస్తారు.

అప్పుడే షెడ్డులోంచి మేస్త్రికి బదులు చూస్తున్న మనిషి కేకేశాడు. "ఓ మూడో మిషనూ! బండ తిప్పుమ్మే!" గిడ్డమ్మ బండ తిప్పింది.

శివజ్యోతికి కిందటేడు సంగతి గుర్తొచ్చింది. అమ్మకు జ్వరమొచ్చి పదిరోజులు మంచాన పడింది. ఆమె చోటులో విశ్వాసమ్మ అనే ఆమె వచ్చి నిలబడింది. మారెన్న ఆమెనూ మూడో మిషను అనే పిలిచాడు, ఆమె పలికింది. పని ఒక్క పూట కూడా ఆగలేదు. అమ్మ తిరిగి వచ్చిన రోజు విశ్వాసమ్మ పక్కకు జరిగింది, మూడో మిషనూ అంటే మళ్లీ అమ్మ పలికింది. ఆ రాత్రి అమ్మ అన్న మాట ఒక్కటే. "నేను చచ్చినా వాళ్లకు తెలవదే, మూడో మిషను ఉంటాది కదా." చెప్పి నవ్వింది. కూతురికి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

పీటకు పేరు పెట్టరని అయ్యన్న అన్నాడు. ఆయన ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లుగా పీటలకు తప్ప పేరు లేదు. ఆ పద్ధతి ఎంత బాగా పనిచేస్తుందో శివజ్యోతికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కాలిపోయిన కార్డుకు బాధ ఉండదు. మనుషులకు ఉంటుంది. ఆమె కుర్చీ ముందుకు లాక్కుని, చిన్న నరసన్న నంబరు రాసిన లైను కొట్టేసింది. రెండో స్లాటులో ఎవరు కూర్చున్నా సరే, వాళ్ల నంబరు ఏదైనా సరే, అని రాసింది. పేరు దగ్గరికొచ్చి ఆగింది.

రెండుంబావుకు మారెన్న వచ్చాడు, ఒకటి కాలితే ఇంకోటి ఉంటుందని రెండు కార్డులతో. వెనకే అయ్యన్న.

"చిన్న నరసన్న అని మాత్రం పెట్టొద్దమ్మా," అన్నాడు అయ్యన్న. ఆయన మొహంలో నిజంగానే భయం ఉంది. "ఇద్దరు పోయినారు. ఆ పేరు అచ్చిరాలేదు. ఇట్ల వరసగా పోతాంటే గొప్ప పేరు పెట్టకూడదు. దేవుని కంట్లో పడకుండా ఏదన్నా నాసి పేరు చూసి పెట్టు."

"మా అవ్వకు గూడా ఇద్దరు పిల్లోళ్లు పోయినారంట సార్, మా అమ్మ పుట్టక ముందర. అట్లనే నాసిగా ఉండాలని గిడ్డమ్మ అని పెట్టినారు. పొట్టిదని. బతికింది. అదే పెడదామా?"

"గిడ్డమ్మ," అన్నాడు అయ్యన్న, నాలుక మీద వేసి చూసుకుంటున్నట్టు. తలూపాడు. తలూపుతూ ఆగాడు. "మీ అమ్మ పేరు గిడ్డమ్మనా?"

"అవును సార్."

ఆయన కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు. మారెన్న నేల చూశాడు.

శివజ్యోతి ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు కొట్టింది. కాటా సంగతి ఇకమీద గిడ్డమ్మను అడగాలని సెట్టింగుల్లో మార్చింది. కార్డు బిగించి సర్వరు ఆన్ చేసింది. ముందు పెద్ద నరసన్న లేచాడు. తర్వాత గిడ్డమ్మ లేచింది. కాటా మీద నిలబడిన లారీ బరువు తెర మీద పడింది. పర్మిట్ వచ్చింది. ఆమె అక్కడితో వదల్లేదు. ఆపి కార్డు తీసి, మంచిగానే ఉన్న పెద్ద నరసన్నను ముట్టకుండా, మారెన్న తెచ్చిన రెండో కార్డును అదే స్లాటులో పెట్టి చూసింది. అది కూడా గిడ్డమ్మ అనే లేచింది. మొదటి కార్డును మళ్లీ దాని చోటులో పెట్టేసరికి మూడుకు పది నిమిషాలుంది.

"పీటకు పెట్టినావా పేరు?" అన్నాడు అయ్యన్న.

"అవును సార్. ఈడ అట్లనే కదా పెడతాండేది," అంది శివజ్యోతి.

ఆయన గడియారం చూసుకున్నాడు. ఇంకా మూడు కాలేదు. లారీలను కదలమని బయటికి పోయాడు. సిమెంటు మూటల మాట మళ్లీ ఎత్తలేదు.

సాయంత్రం ఇంటికి పోతూ దారిలో చెబితే గిడ్డమ్మ చిరాకుపడింది. "నా పేరు ఆ డబ్బాకు పెడితివా? ఇంగేం పేర్లు దొరకలేదా నీకు?" అంది. కొంతదూరం పోయాక, "అందరికీ కనబడుతాదా అది?" అని అడిగింది. తెర మీద మొదటి లైనులోనే ఉంటుందని చెప్పింది కూతురు. గిడ్డమ్మ ఆరోజు బూట్లు ఇంటి బయట విడవడం మర్చిపోయి లోపలికి వచ్చేసింది.

స్టేషన్ లోడు నెల రోజులు నడిచింది. కరెంటు దాని పని అది చేసుకుంటూనే ఉంది. కాటా లేస్తేగాని లారీ కదలదు గనుక, కరెంటు వచ్చిన ప్రతిసారీ మారెన్న షెడ్డులోంచి కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి అడగాల్సి వచ్చేది. పెద్ద నరసన్న సంగతి ఆయనకు అక్కర్లేదు. కాటా ఎవరి చేతిలో ఉందో ఆ మనిషిని పేరు పెట్టి అడగాలి. మొదటి వారం నీళ్లు నమిలాడు. "అదీ... లేచిందా?" అనేవాడు. ఏది అన్నా అని శివజ్యోతి అడిగేది, చాలా మర్యాదగా. వెనక లారీలు హారన్లు కొట్టేవి.

రెండో వారం ఒక మధ్యాహ్నం కరెంటు వచ్చింది. గేటు దగ్గర పద్నాలుగు లారీలు. మారెన్నకు అంతదూరం పరుగెత్తే ఓపిక లేక, షెడ్డు అంచున నిలబడి గొంతెత్తి కేకేశాడు.

"గిడ్డమ్మ లేచిందా?"

షెడ్డులో ఆడవాళ్లందరి తలలూ లేచాయి. మూడో మిషను దగ్గర సద్ది తినడానికి కూర్చున్న గిడ్డమ్మ, చేతులు కడుక్కుని, మోకాళ్ల మీద చేయి ఆనించి, మెల్లిగా పైకి నిలబడింది.

"లేచినాలేప్పా," అంది.